జాడ పట్టే గుంపు
(కదిలే వైర్‌లెస్ సెన్సర్ల సంగతి)

ఈ సంచికకు సైన్సు మీద ఒక వ్యాసం కావాలన్నారు. ఏదో పెద్ద విషయం ఎత్తుకుని ఎవరికీ అర్థం కాకుండా రాయడం కన్నా, పదో తరగతి లెక్కలతో అందుకోగలిగిన ఒక కొత్త విషయం చెబితే బాగుంటుందని మాకు అనిపించింది. కదిలిపోయే వస్తువును, తామూ గుంపుగా కదులుతూ వెంటాడి, అది ఎక్కడుందో చెప్పే చిన్న చిన్న పరికరాల గురించి ఈ వ్యాసం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని మొబైల్ వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ అంటారు. పేరు పొడుగే గాని లోపలి విషయం మన కబడ్డీ ఆటంత తేలిక.

కృష్ణలో కొట్టుకొచ్చిన పడవలు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో వచ్చిన వరదను మన ప్రాంతం వాళ్లెవరూ మరచిపోలేరు. బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఉధృతికి ఎగువ నుంచి పెద్ద పెద్ద పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీని ఢీకొన్నాయి. గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటిని మార్చి, గేట్లకు అడ్డంపడ్డ పడవలను బయటికి తీయడానికి ఇంజనీర్లు, గజ ఈతగాళ్లు రోజుల తరబడి కష్టపడాల్సి వచ్చింది. ఆ బ్యారేజీ మీద సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టు ఆధారపడి ఉంది. ఒక్క పడవ అదుపు తప్పితే ఎంతమంది అన్నం మీద దెబ్బ పడుతుందో ఆలోచించండి.

ఇంకా ఎగువనే ఉండగా ఆ పడవ జాడ తెలిసి, అది ఎటు పోతున్నదో, ఎంతసేపట్లో బ్యారేజీ దగ్గరికి వస్తుందో ముందే లెక్క కట్టగలిగితే? పడవ ఒక్కటే కాదు, వరదలో కొట్టుకుపోతున్న మనిషి విషయంలోనూ ఇదే ప్రశ్న. మనం చెప్పుకోబోయే శాస్త్రం పుట్టింది ఇటువంటి ప్రశ్నలకు జవాబు వెతకడానికే.

ఆ తరువాత అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో ప్రదర్శన జరిగింది. ఆకాశంలో బొమ్మలు గీసినట్టు తిరిగిన ఆ దీపాలను మీలో చాలామంది చూసే ఉంటారు, కనీసం టీవీలోనైనా. అన్ని డ్రోన్లు అంత చక్కగా కలిసి కదులుతాయి కదా, పడవను వెంటాడటం వాటికి ఒక లెక్కా అనిపిస్తుంది. ఇక్కడే ఒక తేడా ఉంది. అటువంటి ప్రదర్శనలో ఏ డ్రోను ఏ క్షణంలో ఎక్కడుండాలో ముందే కంప్యూటర్లో రాసిపెడతారు. నాటకంలో పాత్రధారులు బట్టీపట్టిన సంభాషణ అప్పజెప్పినట్టు అవి ఆ దారినే తిరుగుతాయి. వరదలో పోయే పడవ తన దారిని ముందుగా ఎవరికీ రాసివ్వదు. దాన్ని వెంటాడే గుంపు అప్పటికప్పుడు చూసి, అప్పటికప్పుడు నిర్ణయించుకుని కదలాలి. అసలు కష్టమంతా అందులోనే ఉంది.

సెన్సర్ అంటే ఏమిటి?

సెన్సర్ అంటే పసిగట్టే పరికరం. వేడిని, వెలుతురును, చప్పుడును, దూరాన్ని, అయస్కాంత శక్తిలో వచ్చే మార్పును అది కనిపెట్టి అంకెగా మార్చి చెబుతుంది. మన చేతిలోని సెల్‌ఫోన్లోనే ఇటువంటివి అరడజను పైగా ఉంటాయి. ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా అడ్డంగా తిరిగేది ఒక సెన్సర్ వల్లనే.

ఇటువంటి సెన్సర్‌కు ఒక బుల్లి కంప్యూటరు, ఒక రేడియో, ఒక బ్యాటరీ తగిలిస్తే వైర్‌లెస్ సెన్సర్ తయారవుతుంది. చూసినదాన్ని పక్కవాడికి తీగ లేకుండా చెప్పగలుగుతుంది. దానికి చక్రాలో రెక్కలో పెడితే కదిలే సెన్సర్ అవుతుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1978లోనే అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, దూరదూరంగా ఉన్న సెన్సర్లు కలిసి పనిచేయడమెలాగన్న దానిమీద ఒక సదస్సు జరిగింది. మన తెలుగువాడు రాజ్ రెడ్డి గారు 1969 నుంచి ఆ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో రైతు కుటుంబంలో పుట్టి, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయన. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

తరువాత రేడియోలు, కంప్యూటర్లు చిన్నవయ్యాయి. 2001 మార్చిలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ఎడారిలో రోడ్డు పక్కన ఆరు చిన్న సెన్సర్లను మనిషి లేని బుల్లి విమానం నుంచి జారవిడిచారు. అవి నేలమీద పడ్డాక ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, గడియారాలు సరిచూసుకుని, రోడ్డు మీద వెళ్లే వాహనాల ఇనుము వల్ల అయస్కాంత శక్తిలో వచ్చిన మార్పును పట్టుకున్నాయి. మొదటి సెన్సర్ దగ్గర ఎప్పుడు, రెండో దాని దగ్గర ఎప్పుడు అన్నది తెలిస్తే చాలు, దూరాన్ని కాలంతో భాగించి వేగం చెప్పేయవచ్చు. ఏడో తరగతి లెక్కే.

ఎందుకు కదలాలి?

పై ప్రయోగంలో సెన్సర్లు పడ్డచోటనే ఉన్నాయి. రోడ్డయితే సరే, వాహనం ఆ దారినే వస్తుంది. బయలు ప్రదేశమైతే? ఒక సెన్సర్ తన చుట్టూ 50 మీటర్ల వరకు చూడగలదనుకుందాం. వృత్త వైశాల్యం కడితే అది కాపు కాసేది సుమారు 7,850 చదరపు మీటర్లు. చదరపు కిలోమీటరంటే 10 లక్షల చదరపు మీటర్లు. భాగించి చూడండి, ఎంత లేదన్నా 128 సెన్సర్లు కావాలి. వృత్తాలను పక్కపక్కన పేరిస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కాలి, అంటే ఇంకా ఎక్కువే పడతాయి. ఇదంతా ఒక్క చదరపు కిలోమీటరుకే. నది పొడుగునా పెట్టాలంటే అయ్యే పని కాదు. పైగా పడవ ఒక మూలన ఉంటే మిగతా మూలల్లోని సెన్సర్లన్నీ ఊరికే కూర్చున్నట్టే.

అదే ఏడెనిమిది సెన్సర్లు పడవతోపాటు కదిలితే, అది ఎంత దూరం పోయినా వెంట ఉంటాయి. తక్కువ మందితో ఎక్కువ కాపలా అన్నమాట.

ఒక్కటి ఎందుకు చాలదు?

మరి ఒక్క సెన్సర్‌నే వెంట పంపితే సరిపోదా? ఒక లెక్క చేద్దాం. గ్రాఫు కాగితం తీసుకోండి. మొదటి సెన్సర్ (0, 0) దగ్గర ఉంది. పడవ తనకు 10 గళ్ల దూరంలో ఉందని చెప్పింది. ఏ దిక్కున ఉందో అది చెప్పలేదు. అంటే 10 గళ్ల వ్యాసార్థంతో గీసిన వృత్తం మీద పడవ ఎక్కడైనా ఉండొచ్చు.

రెండో సెన్సర్ (21, 0) దగ్గర ఉంది. తనకు 17 గళ్ల దూరం అన్నది. ఆ వృత్తం కూడా గీస్తే రెండూ రెండు చోట్ల ఖండించుకుంటాయి: (6, 8) ఒకటి, (6, –8) ఇంకొకటి. పడవ ఈ రెండింటిలో ఒకచోట ఉంది. ఏదో తేలదు.

మూడో సెన్సర్ (0, 16) దగ్గర నుంచి 10 గళ్ల దూరం అన్నది. ఇక అనుమానం లేదు, పడవ (6, 8) దగ్గర ఉంది. దూర సూత్రంతో మీరే సరిచూసుకోండి.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. ఆ మూడో సెన్సర్ కూడా మొదటి రెండింటితో ఒకే గీత మీద, అంటే అడ్డగీత మీదనే ఉందనుకోండి. అప్పుడు పైనున్న (6, 8), కిందనున్న (6, –8) దానికి సమాన దూరంలోనే కనిపిస్తాయి. అదే గీత మీద వంద సెన్సర్లు బారు తీర్చినా పడవ పైన ఉందో కింద ఉందో తేల్చలేవు. కాబట్టి గుంపులో ఎన్ని ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఎలా నిలబడ్డాయన్నది కూడా అంతే ముఖ్యం. లక్ష్యం చుట్టూ వేరువేరు కోణాల్లో నిలబడాలి. లక్ష్యం కదిలితే కోణాలు చెడతాయి, మళ్లీ సర్దుకోవాలి. సెన్సర్లు గుంపుగా కదలవలసిన అసలు కారణం ఇదే.

కబడ్డీ నేర్పే మూడు సూత్రాలు

ఇప్పుడు మన హాస్టల్ గ్రౌండ్‌లోకి వద్దాం. అవతలి జట్టువాడు కూతకు వచ్చాడు. మనవాళ్లు ఏడుగురు. అందరూ ఒకేసారి మీద పడితే ఒకరికొకరు తగిలి కింద పడతారు, వాడు గీత దాటి పోతాడు. విడివిడిగా ఎవరి దారిన వాళ్లు నిలబడితే సందు చూసుకుని ఒకరిని తాకి పోతాడు. అందుకే చేతులు పట్టుకుని గొలుసులా కదులుతారు. వాడు ఎడమ మూలకు పోతే గొలుసు మొత్తం అటు వాలుతుంది, కుడి చివరివాడు చుట్టూ తిరిగి వస్తాడు. ప్రతి అడుగుకూ కెప్టెన్ చెప్పనక్కర లేదు. ప్రతివాడూ పక్కవాడిని, కూతవాడిని చూసుకుంటే చాలు.

పక్షుల గుంపు కూడా ఇలాగే ఎగురుతుంది. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ నిపుణుడు పక్షుల గుంపును కంప్యూటర్లో సృష్టించి చూపించాడు. ప్రతి పక్షికీ అతను ఇచ్చినవి మూడే సూత్రాలు. పక్కదాన్ని గుద్దుకోకు. పక్కవాటి వేగాన్నీ దిక్కునూ అనుసరించు. గుంపు నడిమికి దగ్గరగా ఉండు. ఈ మూడింటితోనే, నాయకుడు లేకుండా, గుంపు అచ్చం నిజం పక్షుల్లా మలుపులు తిరిగింది.

2006లో రెజా ఓల్ఫాటి-సాబెర్ అనే శాస్త్రవేత్త దీన్ని గణితంతో పరిశీలించి ఒక విషయం తేల్చాడు. ఈ మూడు సూత్రాలు మాత్రమే ఉంటే, పెద్ద గుంపు మామూలుగా ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. నాలుగోది కూడా కావాలి: అందరికీ ఒకే గమ్యం. ప్రతి సభ్యుడూ ఆ గమ్యం వైపు కాస్త మొగ్గితే గుంపు చెదరదు. మన సెన్సర్లకు ఆ గమ్యం వెంటాడుతున్న పడవే. కబడ్డీలో కూతవాడే మన ఏడుగురినీ ఒక జట్టుగా కట్టి ఉంచినట్టు.

పెద్ద లేకుండా ఒక మాట మీదికి రావడం

ఏ సెన్సర్ చెప్పేదీ కచ్చితంగా ఉండదు. వానలో, గాలిలో, అలల మీద కొలిస్తే తేడాలొస్తాయి. నాలుగు సెన్సర్లు చదరం మూలల్లో ఉన్నాయనుకుందాం. పడవ బ్యారేజీకి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో వరుసగా 100, 104, 96, 108 అని లెక్కగట్టాయి. సగటు 102. అందరి మాటా ఒకచోట చేర్చితే ఇది తేలికే. కాని రేడియో అందే దూరం తక్కువ కాబట్టి ఒక్కో సెన్సర్ తన రెండు పక్కల వాటితోనే మాట్లాడగలదు, ఎదురు మూలలో ఉన్నదానితో మాట్లాడలేదు.

అయినా దారి ఉంది. ప్రతి సెన్సరూ తన అంకెను, పక్కవాళ్ల రెండు అంకెలను కలిపి సగటు తీసుకోవాలి. మొదటి విడతలో నాలుగూ 104, 100, 102.7, 101.3 అవుతాయి. మళ్లీ అదే పని చేస్తే 101.8, 102.2, 101.3, 102.7 అవుతాయి. రెండు విడతలకే అందరూ 102కు ఒక మీటరు లోపలికి వచ్చేశారు. పెద్ద అంటూ ఎవరూ లేకుండానే గుంపు ఒక మాట మీదికి వచ్చింది. ఇందువల్ల ఇంకో లాభముంది. అన్నీ ఒక పెద్ద కంప్యూటరుకు చెప్పి, దాని ఆజ్ఞ కోసం ఎదురుచూసే పద్ధతిలో ఆ కంప్యూటరు చెడిపోతే అంతా ఆగిపోతుంది. ఈ పద్ధతిలో ఒకటి చెడిపోయినా, మిగిలినవాటి మధ్య మాట అందుతున్నంతవరకు పని సాగుతుంది.

ఇక మిగిలింది ముందుచూపు. క్రికెట్లో క్యాచ్ పట్టేవాడు బంతి ఇప్పుడున్న చోటికి పరిగెత్తడు, అది పడబోయే చోటికి పరిగెత్తుతాడు. పడవ సెకనుకు 2 మీటర్ల చొప్పున పోతుంటే నిమిషానికి 120 మీటర్లు పోవాలి. కొత్తగా కొలిస్తే 132 అని వచ్చింది. దేన్ని నమ్మాలి? 1960లో రుడాల్ఫ్ కాల్మన్ దీనికి పద్ధతి చెప్పాడు. మన అంచనా ఎంత గట్టిదో, కొలత ఎంత గట్టిదో తూచి, ఆ నిష్పత్తిలో రెండింటినీ కలపాలి. అంచనాను కొలతకన్నా రెండింతలు నమ్మితే 120ని రెండుసార్లు, 132ను ఒకసారి కూడి మూడుతో భాగించాలి. జవాబు 124. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల దారి లెక్కించడానికి కూడా ఈ పద్ధతినే వాడారు.

నిజంగా ఎక్కడ చేశారు?

2006 ఆగస్టులో కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే అఖాతంలో పది గ్లైడర్లతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. గ్లైడర్ అంటే నీటిలో మునుగుతూ తేలుతూ, గంటకు సుమారు ఒక కిలోమీటరు వేగంతో ముందుకు జారే పరికరం. సముద్రం లోతుల నుంచి పైకి ఉబికివచ్చే చల్లటి నీరు ఎటు కదులుతోందో కనిపెట్టడం వాటి పని. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన నయోమీ లియోనార్డ్ బృందం అవి ఒకేచోట పోగుపడకుండా, తగినంత ఎడం పాటిస్తూ తిరిగే పద్ధతిని రూపొందించింది. నీటి లోపల రేడియో పనిచేయదు కాబట్టి అవి పైకి తేలినప్పుడే ఒడ్డునున్న కంప్యూటరుతో మాట్లాడేవి.

మన బంగాళాఖాతంలోనూ 2016లో నైరుతి రుతుపవనాల కాలంలో భారత, బ్రిటిష్ శాస్త్రవేత్తలు కలిసి సింధు సాధన నౌక నుంచి ఐదు గ్లైడర్లను దింపి సముద్రం పైపొరలను కొలిచారు. మన వానలు పుట్టే చోటు అదే కాబట్టి ఈ పని మన రైతుకు దూరమైనది కాదు. ఇక నేలమీద, గాలిలో మనిషి లేకుండా నడిచే వాహనాల పరీక్షల కోసం కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ అనే కేంద్రం ఉంది. దాని పరీక్షా మైదానాన్ని 2022 జూలైలో ప్రారంభించారు.

అడ్డంకులు, ఒక హెచ్చరిక

ఇన్ని చెప్పాక కష్టాలూ చెప్పాలి. చిన్న డ్రోన్లలో చాలావాటికి అరగంట ఎగిరేసరికి బ్యాటరీ అయిపోతుంది. కాబట్టి కొన్ని వెంటాడుతుండగా కొన్ని తిరిగొచ్చి చార్జింగు పెట్టుకునేలా వంతులు వేయాలి. పెద్ద గాలివాన వస్తే అవి నిలవలేవు, వరదలేమో ఆ గాలివానతోనే వస్తాయి. రేడియో అందే దూరం దాటి ఒకటి పక్కకు పోతే గొలుసు తెగిపోతుంది. ఒక సెన్సర్ చెడిపోయి తప్పుడు అంకె చెబుతూ ఉంటే, సగటు తీసే పద్ధతిలో ఆ తప్పు అందరికీ అంటుకుంటుంది. ఈ ఇబ్బందులు తీర్చే పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

హెచ్చరిక ఏమిటంటే, పడవ జాడ పట్టే గుంపు మనిషి జాడనూ పట్టగలదు. లెక్కకు పడవకూ మనిషికీ తేడా తెలియదు. వరదలో కొట్టుకుపోయే మనిషిని కనిపెట్టడం ప్రాణదానం. తన దారిన తాను పోయే మనిషిని అతనికి చెప్పకుండా వెంటాడటం వేరే సంగతి. అందులోనూ, ఎదురు అడిగే బలం లేనివాళ్ల మీదే ఇటువంటి నిఘా ముందుగా పడుతుంది. యంత్రాన్ని ఎవరు పంపారు, దేనికి పంపారు, ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నలు అడగాల్సింది మనమే. అడగాలంటే అది ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండాలి. సైన్సు నేర్చుకోవడానికి ఉద్యోగం ఒక కారణమైతే ఇది రెండో కారణం.

తమ్ముళ్లకు ఒక మాట

ఈ వ్యాసంలో వాడిన లెక్కలు ఏమిటో చూడండి: వృత్త వైశాల్యం, రెండు బిందువుల మధ్య దూరం, సగటు, వేగం. అన్నీ మీ పుస్తకాల్లోనివే. "ఇవి ఎక్కడ పనికొస్తాయి సార్" అని మనలో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అడిగిన పాఠాలే. మన పెనుగొలనుకు అందుబాటులోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెటూరి పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో అది ఒక భాగం. పదో తరగతి మార్కుల మీద సీటు ఇస్తారు. పైన చెప్పిన రాజ్ రెడ్డి గారు ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా పనిచేశారు. మీలో గణితం ఇష్టమున్నవాళ్లు దాన్ని గురిగా పెట్టుకోండి.

ఈ ఆదివారం గ్రాఫు కాగితం మీద పైన చెప్పిన మూడు వృత్తాలు గీయండి. ఆ తరువాత గ్రౌండ్‌లో ముగ్గురు మూడు చోట్ల నిలబడి, నాలుగోవాడు నిలబడ్డ చోటికి దూరం టేపుతో కొలిచి, ఆ మూడు అంకెలు మాత్రమే గదిలో ఉన్న ఐదోవాడికి చెప్పండి. మీ ముగ్గురి స్థానాలు అతని కాగితం మీద ముందే గుర్తుపెట్టి ఉంచండి. బయటికి చూడకుండా నాలుగోవాడి చోటును అతను కాగితం మీద చూపించగలగాలి. తరువాత ముగ్గురూ ఒకే వరుసలో నిలబడి మళ్లీ కొలవండి. అప్పుడు అతనికి ఎన్ని జవాబులు వస్తాయో చూడండి.